ఈ ఏడు దిగని గుంత

వడమాలపేట దాటి కొబ్బరిపొట్టు మూటల టెంపో పుత్తూరు దారి పట్టగానే, ఉత్త తాడొకటి పట్టుకుని నిలబడిన ఒకామె చెయ్యెత్తింది. హరినాథ్ బండి ఆపాడు. పక్కన కూర్చున్న కుప్పయ్య జరిగి చోటిచ్చాడు. హరినాథ్ మామిడితోట దిగువన, వంక ఒడ్డున మేకలు మేపుకునే జ్ఞానాంబ ఆమె. ఎక్కి, తాడు ఒళ్ళో పెట్టుకుంది.

కుప్పయ్య ముప్పై ఏళ్ళు మామిడికి మందు కొట్టినవాడు. ఆ తోటల్లో కాసే కాయను ఊళ్ళో బెంగళూరా అంటారు, ఫ్యాక్టరీవాళ్ళు తోతాపురి అంటారు. పేరేదైనా పూతకు పట్టే తేనెమంచు పురుగు ఒకటే. ఆ పురుగు కోసం ఎన్ని డ్రమ్ముల మందు కలిపారో అందరికీ గుర్తే, డ్రమ్ములు కడిగిన నీళ్ళు ఎటు పోయాయో ఎవరికీ పట్టదు. కుప్పయ్యకు పట్టింది. నాలుగేళ్ళ కిందట రైతుల శిక్షణలో నేర్చుకొచ్చి, హరినాథ్ తోటలో గుంత తవ్వాడు. వరిగడ్డి, మట్టి, చివికిన పేడ, కొబ్బరిపొట్టు కలిపి తొక్కి, పైన గరిక నాటాడు. కడిగిన నీళ్ళు అందులో పోస్తే కంటికి కనబడని జీవాలు విషాన్ని తినేస్తాయి. ఆ నీళ్ళకు గడ్డి చివికి గుంత ఏటా జానెడు దిగుతుంది, మళ్ళీ నింపాలి.

"ఇంక వంకనీళ్ళు తాపుకోమ్మా, నాది పూచీ" అని జ్ఞానాంబకు చెప్పింది అతనే.

నిరుడు ఆయాసం పట్టుకున్నాక మందుపని మానేశాడు, గుంతను మాత్రం వదల్లేదు. ఈ ఏడు అది దిగలేదు. తన తొక్కుడు అంత గట్టిదని ఊరంతా చెప్పుకున్నాడు. గరిక మాడితే ఎండలనుకున్నాడు.

"మేకలు యాడమ్మా?" ఉత్త తాడు చూసి అడిగాడు కుప్పయ్య.

"సచ్చినాయి. రెండూ సూడివే."

"ఏం తిన్నాయి?"

"తిన్లా. తాగినాయి. నువ్వు తాపమన్న నీళ్ళే."

"వంకలోకి మందునీళ్ళు యాడనుంచి వస్తాయి?"

"నన్నడుగుతావా అన్నా! పూతకాలం నుంచి మీ షెడ్డెనక నల్లపైపు వంకలోకే పెట్టుండారు కదా. పూచీ పడినోడికి పైపు కనపళ్ళేదా?"

కుప్పయ్య హరినాథ్ వైపు తిరిగాడు. హరినాథ్ గేరు మార్చాడు.

"ఏంజేసేదప్పా? గుంతలో పోస్తే నీళ్ళు ఇంకేదానికి పూటంతా పడతాది. మందు కొట్టేవాళ్ళు కాసుకోనుంటారా?"

"మరి ఎనక ఈ పొట్టుమూటలు దేనికి సామీ?"

"రేపు గుజ్జుఫ్యాక్టరీవాళ్ళు తోట సూసేదానికి వస్తా ఉండారు. పైన కొత్తపొట్టు పరిచి గుంత కళగా ఉండాల. నువ్వే వివరం చెప్పాల. నువ్వు చెప్తే ఎవురైనా నమ్ముతారబ్బా."

ఆ మాట నిజమే. జ్ఞానాంబ నమ్మింది.

"ఆపు సామీ."

బండి ఆగింది. జ్ఞానాంబ మోకాళ్ళు పక్కకు తిప్పింది. కుప్పయ్య దిగి తలుపు వేశాడు.

"యాడికప్పా? గుంత మీద పొట్టు ఎవురు పరిచేది?" హరినాథ్ అరిచాడు.

"అన్నా!" ఈసారి పిలిచింది జ్ఞానాంబ.

 కుప్పయ్య రోడ్డు వారగా, వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోయాడు.