ఇంటి నుంచి ఇంటికే

నెబ్రాస్కాలో మా ఊరి మాంసం ఫ్యాక్టరీలో ఎల్విరా, నేను పక్కపక్కన నిలబడి ఎముకలు తీసేవాళ్లం. ఇళ్లు కూడా పక్కపక్కనే. వాళ్లమ్మ కాందెలారియాకి మతిమరుపు జబ్బు. పొద్దున్నే వ్యాను వచ్చి ఆవిడని, ముసలివాళ్లని పగలు చూసుకునే డే సెంటరుకి తీసుకెళ్లి, సాయంత్రం దింపేది. ఆ వ్యాను వల్లే ఎల్విరా పనికి రాగలిగేది.

కరోనా వచ్చింది. సెంటరు మూశారు. ఎల్విరా పని మానేసింది.

ముసలావిడకి కరోనా సంగతి ఏం తెలుసు? కోటు తొడుక్కుని గుమ్మంలో కూర్చునేది. వ్యాను రాకపోతే తలుపు బాదేది, తిండి ముట్టేది కాదు. రాత్రిళ్లు రోడ్డు మీదికి వెళ్లిపోతుందని ఎల్విరా ఆవిడ గదికి గడియ పెట్టేది. ఎల్విరా సొంత అన్న డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయే కదా" అన్నాడట.

చివరికి ఎల్విరా ఒక ఉపాయం చేసింది. తల్లిని కారెక్కించి మొక్కజొన్న గోదాముల దాకా తిప్పి, మళ్లీ సొంతింటికే తెచ్చి, పెరటి తలుపులోంచి లోపలికి తీసుకెళ్లేది. ఏప్రన్ కట్టి, మాస్కు పెట్టుకుంటే పరాయి మనిషే. "రండి అమ్మగారూ, సెంటరుకొచ్చాం" అనేది. ముసలావిడ బీన్సు, రొట్టె శుభ్రంగా తినేది. సాయంత్రం మళ్లీ కారు, ముందు గుమ్మం.

"నాటకాల్లో చేరాల్సినదానివి" అన్నాను కంచె ఇవతల నుంచి.

"నవ్వు అన్నా, నవ్వు. కూతురంటే ఆవిడకి గిట్టదు, సెంటరు పిల్లంటే ముద్దు. తెరిచేదాకానేలే."

ఆ తెరిచే రోజు కోసమే బతికింది. కళ్లు లోపలికి పోయాయి, మనిషి సగమైంది.

ఎండలు ముదిరాక ఒకరోజు కూరగాయలు ఇవ్వడానికి వెళ్తే, పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది.

"సెంటరు ఎత్తేశారు అన్నా. ఇక తెరవరట."

"ఇంకోటి లేదా?"

"నాలుగు కౌంటీల అవతల ఉంది. అక్కడా మూశారు."

పొద్దు వాలుతోంది. ఆమె లేచి మాస్కు సర్దుకుని, పెరటి గుమ్మం లోపల కుర్చీలో ఉన్న తల్లికి చెయ్యి అందించింది.

"పదండి అమ్మగారూ, ఇంటికి వెళ్లే టైమైంది."

ముసలావిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "నేను పోను అమ్మాయ్. ఆ ఇంట్లో ఒకత్తి ఉంది. రాత్రి నన్ను గదిలో పెట్టి గడియ వేస్తుంది."

"ఆవిడ మీ కూతురు అమ్మగారూ."

"నా కూతురా? నా కూతురు అలాంటిది కాదు. నీ కాళ్లు పట్టుకుంటాను, నన్ను దాని దగ్గరికి పంపకు."

ఎల్విరా మాస్కు కిందికి లాగి, "అమ్మా, నేనే" అంది. ముసలావిడ భయంతో కుర్చీలో ముడుచుకుపోయి, సెంటరు పిల్లని పిలవమని ఏడ్చింది.

ఎల్విరా మాస్కు మళ్లీ పైకి లాక్కుంది.

"సరే అమ్మగారూ, ఏడవకండి. ఇక్కడే ఉండిపోండి. మీ అమ్మాయికి నేను చెప్తాలే."