ఎవరి లెఫ్ట్?

మదనపల్లె టమోటా మార్కెట్‌లో లారీలను వెనక్కి పట్టించేటప్పుడు చెంగల్రాయుడు లెఫ్ట్, రైట్ అనేవాడు కాదు. "గేటు పక్కకి", "కొళాయి పక్కకి" అనేవాడు.

"మిలిట్రీలో లెఫ్ట్ నేర్పలేదా అన్నా నీకు?" అని డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఎవురి లెఫ్టో నువ్వు చెప్పప్పా ముందు."

ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి వచ్చిన మనిషి. ఒక సైనిక విన్యాసంలో, పడవల్లోంచి సైనికులు ఒడ్డున దిగుతుంటే, వాళ్లకు ముందుగా ఓడ ఫిరంగులు తీరం మీద గుండ్లు కురిపించాలి. ముందే ఒడ్డు మీది దిబ్బ ఎక్కి, గుండ్లు ఎటు జరపాలో వైర్‌లెస్‌లో ఓడకు చెప్పడం చెంగల్రాయుడి పని. ఒక గుండు పడవ పక్కనే పడింది. ఉమాశంకర్ అనే కుప్పం సిపాయికి ఒక చెవి పోయింది. తప్పెవరిదో విచారణలో తేలలేదు. ఓడలోవాళ్లే సరిగా వినలేదని చెంగల్రాయుడు పదకొండేళ్లు చెప్పుకొచ్చాడు.

చెంగల్రాయుడు చనిపోవడానికి ముందటి ఏడాది ఉమాశంకర్ మెసేజ్ పెట్టాడు: 'ఒకసారి రాన్నా, ఒక మాట అడగాల.'

కుప్పం బస్సు పుంగనూరులో ఆగినప్పుడు చెంగల్రాయుడు దిగి వెనక్కి పోదామనుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఏం మాట? కేసు తిరగదోడుతున్నారా? సర్వీసులో సంపాదించుకున్న మంచి పేరు ఒక్క రోజులో పోతుందా?

కుప్పంలో ఉమాశంకర్ భార్య రేఖ కాఫీ ఇచ్చింది. చెంగల్రాయుడికి ఆ మర్యాదా నచ్చలేదు. బల్ల మీద ఫోను బోర్లా ఎందుకు పెట్టారు?

"ఈ చెవి గూడా పోతాండాదన్నా," అన్నాడు ఉమాశంకర్. "పోకముందే నీ నోటితో విందామని పిలిస్తి. ఆ పొద్దు నువ్వు యా పక్క తిరిగుంటివి?"

"విచారణలో చెప్పినాను గదప్పా. భూమి పక్కే."

"నేను ఆడ ఏమీ చెప్పలేదు. పడవలో వైర్‌లెస్ సెట్టు నా చెవికాడనే ఉండె. దిబ్బ మీద నువ్వూ కనపడతాంటివి."

అంటే చూశాడు. చూసి కూడా నోరెందుకు మూసుకున్నాడు? ఈ రోజు కోసమేనా?

ఆ రోజు పడవ ఒకటి ఇసుకలో ఇరుక్కుంటే, మనుషులు దిగారో లేదోనని చెంగల్రాయుడు అటు తిరిగాడు. తిరిగినవాడి ఎడమ ఓడకు కుడి అవుతుందని ఆ క్షణం తట్టలేదు.

"మీ పక్కే తిరిగుంటి," గొణిగాడు.

"వినపళ్లేదన్నా."

"సముద్రం పక్క తిరిగి లెఫ్ట్ అనేసినా."

ఉమాశంకర్ కుర్చీ దగ్గరికి లాక్కుని మిగిలిన చెవి పెట్టాడు. "గట్టిగా చెప్పు."

గట్టిగా చెప్పాడు. రేఖ వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఎదురింటివాళ్లు తలుపు తీశారు. ఉమాశంకర్ ఇంకా చెవి ఒగ్గి తల వంచే ఉన్నాడు.

చెంగల్రాయుడు మళ్లీ చెప్పాడు, ఇంకా గట్టిగా.