సీరియస్ అనే మాట

చనిపోయినవాళ్ల ఇంటికి ఫోన్ చేసే ముందు సెల్వపాండియన్ చెప్పులు విప్పుతాడు. తమిళుడు. సొంతూళ్లో ఒకసారి వార్డు మెంబరుగా గెలిచి, మరుసటిసారి ఓడి, బహ్రెయిన్ వచ్చాడు. అక్కడ ఉమ్మ్ అల్ హస్సామ్‌లో, ఊళ్లకు సామాన్లు పంపే చిన్న కార్గో దుకాణం నడుపుతాడు. కూలీల క్యాంపుల్లో ఎవరు పోయినా శవాన్ని ఊరికి చేర్చే పని ఆయనదే. మొదటి ఫోన్‌లో ఎప్పుడూ సీరియస్‌గా ఉందంటాడు. చావు మాట రెండో ఫోన్‌లో చెబుతాడు. ఈలోగా ఆ ఇంటికి నలుగురూ చేరతారని ఆయన నమ్మకం.

హిద్ క్యాంపులో పరమేశ్ నిద్రలోనే పోయిన రోజు, నిజామాబాద్ పక్క పల్లెలో అతని భార్య మల్లిక ఫోనెత్తింది.

"పరమేశ్‌కి కొంచెం సీరియస్, అమ్మా..." అన్నాడు, క్యాంపుల్లో నేర్చిన తెలుగులో.

"నువ్వు పాండియన్ అన్నవే గదా? పోయినేడు మా చిన్నవ్వ కొడుక్కు గూడ గిట్లనే సీరియస్ అన్నవు. చెప్పన్నా, పోయిండా?"

వేదికల మీద గంటలు మాట్లాడిన మనిషి ఒక్క మాటే అన్నాడు.

"పోయాడమ్మా."

అవతల ఏడుపు వినపడలేదు. ఆమే అంది: "గడ్డం గీపిచ్చి పంపన్నా. బిడ్డతోని మాట్లాడాలంటే గీసుకునే వీడియో ఫోన్ చేసేటోడు. దానికి ఆ మొఖమే ఎరుక."

మర్నాడు ఉదయం సెలూన్‌వాళ్లు మార్చురీకి రామన్నారు. పాండియన్ తానే నురగ రాసి, ఒక చేత్తో దవడ పట్టుకుని, పరమేశ్‌కు నెమ్మదిగా గడ్డం గీశాడు.