చదవని సగం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కలిపి మేం తొమ్మిదిమందిమి. నెలకో ఆదివారం ఒక్కో ఊళ్ళో కలుస్తాం. తలా ఒక పుస్తకం గురించి చెప్పి, అడిగినవాళ్ళ చేతిలో పెట్టి వస్తాం. షరతు ఒక్కటే. చివరిదాకా చదివిన పుస్తకమే చెప్పాలి. ఆ షరతు పెట్టింది నేనే. అట్ట వెనక నాలుగు ముక్కలు చదివి గొప్పలు పోయేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

అలాంటి నాకు రెండేళ్ళుగా చదువు సాగలేదు. పెద్ద కష్టమేదో వచ్చి కాదు. ఆఫీసుకు పోతున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, అంతే. కాసేపటికి మూసేస్తాను. మొదట్లో భయమేసింది, తర్వాత అదీ పోయింది. కొన్నాళ్ళు పాత పుస్తకాలతో నెట్టుకొచ్చాను. అవి అయిపోయాక సగం చదివినవి చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ పట్టుకోలేదు. మంచి పుస్తకం చెప్తానని నాకు అంత పేరు మరి.

పోయిన ఏడాది మదనపల్లెలో కలిసినప్పుడు ఒక నవల చెప్పాను. కొండ పక్క పల్లెలో ఉండే ఒక బడిపంతులు కథ. సగం దాకా చదివాను. "ఆఖరి పేజీ దాకా కింద పెట్టబుద్ధి కాదు" అన్నాను, తడుముకోకుండా. దాన్ని పుంగనూరు మిత్రుడు తీసుకున్నాడు. ఆయన పాలకేంద్రంలో పనిచేసేవాడు. పొద్దున పాలు పోయించుకోవడం అయ్యాక ఖాళీ క్యాన్ల పక్కన కూర్చుని చదివేవాడు. మా అందరిలోకీ నిదానంగా చదివేదీ, చదివింది మరిచిపోనిదీ ఆయనే. నేను చెప్పిన పుస్తకమంటే ఇంకేమీ అడిగేవాడు కాదు.

మూడు నెలలకు ఆయనకు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. కుప్పంలో ఆసుపత్రిలో చేర్చారంటే చూడ్డానికి వెళ్ళాను. దిండు పక్కన ఆ నవల ఉంది. మంచం కాళ్ళ వైపు స్టూలు మీద కూర్చుని ఆయన భార్య కమలాపండు ఒలుస్తోంది.

"పంతులు కత అయిపోయినాదప్పా" అన్నాడు నన్ను చూడగానే. "కడాన ఎంత బాగుండాదో! జబ్బు నయమై మళ్ళా బడికొస్తాడు. పిల్లోళ్ళంతా లేసి నిలబడతారు."

పంతులుకు జబ్బు చేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినట్టే తల ఊపాను.

"నాకూ సెప్పినాడన్నా. ఆ కత తలుసుకోనే ధైర్యంగా ఉండాను" అని, ఆమె ఫ్లాస్కు తీసుకుని కాఫీకి కిందికి వెళ్ళింది.

ఆమె అడుగుల చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా ఆగి, ఆయన నా వైపు తిరిగాడు. "ఇప్పుడు సెప్పప్పా. ఆ కడా పేజీలు సదివినప్పుడు నీకెట్ల ఉన్నింది?"

"అదే కదా నాకూ నచ్చింది! పిల్లలు లేచి నిలబడటం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూశాడు. కోపంగా కాదు. బస్సు తప్పిపోయినవాడు ఇంకో బస్సుందా అని ఆలోచిస్తున్నట్టు చూశాడు.

"సరేలేప్పా" అన్నాడు. "మీ పక్క వాన పడినాదా?"

పడిందన్నాను. టమాటా తోటల గురించి మాట్లాడుకున్నాం. కాఫీ వచ్చింది. తాగి వచ్చేశాను.

ఐదు వారాలకు ఆయన పోయాడు. అందరం పుంగనూరు వెళ్ళాం. మిగతావాళ్ళు ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తుచేసుకుంటూ నిలబడ్డాను. దినాలయ్యాక ఇంకోసారి వెళ్తే, ఆయన భార్య ఆ పుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

"ఆ పంతులు మాదిరే లేసి వస్తాడనుకుంటి గదన్నా" అంది. "నాకు సదువు రాదు. ఆయన సెప్పిందే నమ్మితి."

తిరుగు బస్సులో పుస్తకం వెనక నుంచి తెరిచాను. చివరి అధ్యాయం పదకొండు పేజీలు. పంతులు బడికి రాడు. ఊపిరాడక, గోడ వైపు తిరిగి చచ్చిపోతాడు. రెండేళ్ళలో నేను ఆపకుండా చదివిన పేజీలు అవే. చదివాక కూడా ఏడవలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

తను బతకనని ఆయనకు తెలుసు. భార్య కోసం ముగింపు మార్చి చెప్పాడు. ఆమె పక్కకు పోయాక, ఆ అసలు పేజీలు చదివిన ఇంకో మనిషితో మాట్లాడాలనుకున్నాడు. చదివానని నేనే కదా చెప్పింది.

పోయిన నెల కుప్పంలో కలిసినప్పుడు నా వంతు వచ్చింది. పుస్తకమేదీ చెప్పకుండా, జరిగిందంతా చెప్పాను. కొందరు తల దించుకున్నారు. అందరికంటే పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేప్పా. ఒక పుస్తకం సదవకపోతే ఏమాయె? దానికింత బాధ యాల?"

"పుస్తకానికి కాదన్నా" అన్నాను. "చావు గురించి మాట్లాడుకోవడానికి ఆయన నన్ను ఎంచుకున్నాడు. నేను ఆ మంచం పక్కనే కూర్చుని, ఆయన్ను ఒంటరిగా వదిలేసి వచ్చాను."