రెండు చేతులతో గోడ

నాకు ఈత రాదు. అయినా ఆవిడ చేతులు ఇప్పటికీ కళ్ల ముందు కదులుతుంటాయి.

లండన్ శివారు క్రోయిడన్‌లో మా అమ్మాయికి ఈత నేర్పిన ఫ్రెంచి టీచర్ ఒకప్పుడు తన దేశం తరఫున పోటీల్లో ఈదిన మనిషి. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్, నాలుగు రకాల ఈతల్లోనూ దిట్ట. భుజం పాడై ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చిందట. నేను చూసేనాటికి బ్రెస్ట్‌స్ట్రోక్ ఒక్కటే మిగిలింది.

క్లాసు అయ్యాక ఆవిడ ఒక్కతే ఈదేది. చివర్లో రెండు చేతులతో ఒకేసారి గోడను తాకి, వెంటనే తలెత్తి గడియారం చూసేది. ఆ టైము ఇప్పుడు ఎవరిక్కావాలి?

"ఒంటి చేత్తో తాకితే ఏం?" అని ఒకసారి అడిగేశాను.

"బ్రెస్ట్‌స్ట్రోక్ పోటీల్లో అయితే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఎంత ముందున్నా ఈదనట్టే," అంది.

పోయిన చలికాలం ఒక శనివారం ఆవిడ ఎడమ చెయ్యి ఒక్కటే గోడను చేరింది. కుడి చెయ్యి పైకి లేవక నీళ్లలోనే ఉండిపోయింది.

తల తుడుచుకుంటున్న మా అమ్మాయి ఆగిపోయింది. "అమ్మా, షి డిడంట్ లుక్," అంది మెల్లగా.

నిజమే. ఆవిడ గోడకు నుదురు ఆనించి అలాగే నిలబడిపోయింది. ఆ రోజు గడియారం చూసింది మేమిద్దరమే.