పిన్ని విడగొట్టిన గ్రూపు

మా పిన్ని కాలేజీలో లెక్కలు చెబుతుంది. డస్టర్ వెతికే ఓపిక లేదు, బోర్డు అరచేత్తోనే తుడిచేస్తుంది. నేను పక్క గదిలో ఫిజిక్స్ చెబుతాను, ఆవిడ అరుపులన్నీ నాకు గోడలోంచే వినిపిస్తాయి. నోరు పెద్దదైనా మనసు వెన్న అంటారు. వెన్న సంగతేమో గానీ నోరు మాత్రం నిజం.

ఆవిడ పని గ్రూపుల్ని విడగొట్టడం. గ్రూపంటే వెనక్కి తిప్పుకోగలిగే కదలికల మంద. వాటిని ఒక చెట్టు మీద ఆడిస్తారు. చెట్టంటే బిందువులూ గీతలూ, ఎక్కడా చుట్టు తిరిగి కలవవు. ఏ బిందువూ ఉన్నచోట ఉండిపోకపోతే గ్రూపు ముక్కలవుతుంది. అన్ని కదలికలకూ ఒక్క బిందువు కదలకుండా కూర్చుందా, చేసిన పనంతా గాలికే.

పిన్ని ఒక గ్రూపును అలా విడగొట్టి పత్రికలో అచ్చేయించింది. ఆవిడ దగ్గర పరిశోధన చేసే అమ్మాయి థీసిస్ అంతా దానిమీదే నిలబడింది. రాసేటప్పుడే ఆ పిల్ల అడిగింది: "మేడమ్, కదలని బిందువు లేదని ఒకసారి చూద్దామా?"

"నాకే పాఠాలు చెబుతావా? మొదటి బిందువు కదిలిందిగా! ముందు రాయి" అని కసిరింది పిన్ని.

వైవా రోజు నేనూ వెళ్లి పిన్ని పక్కన కూర్చున్నాను. బయటినుంచి పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన మెత్తగా అడిగాడు: "మొదటిది సరేనమ్మా. దాని పక్క బిందువు?"

ఆ గ్రూపంతా రెండు కదలికల నుంచే పుట్టింది. పిల్ల బోర్డు మీద రెండూ వేసి చూసింది. పక్క బిందువు ఇసుమంతైనా జరగలేదు.

"ఇది ఎవరూ సరిచూడలేదా?" అన్నాడాయన.

పిల్ల పిన్ని వైపు చూసింది. పిన్ని తలొంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "నేనే చూడలేదండీ" అంది పిల్ల చివరికి. అయ్యో, అప్పుడైనా లేవొద్దూ మనిషి! మోచేత్తో పొడిచాను. లేవలేదు. నా సొంత పిన్ని అని చెప్పుకోడానికి సిగ్గేసింది. డిగ్రీ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే నేనుండగానే పిన్ని ఆ పిల్లను పిలిచింది. పిన్ని మొహం పీక్కుపోయి ఉంది. "తప్పు నాదేనమ్మా. పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇద్దరం కలిసి సరిచేద్దాం."

"నిన్న అక్కడ చెప్పాల్సింది మేడమ్" అంది పిల్ల. గొంతు పెంచలేదు. "నేను వేరే గైడు దగ్గరికి మారుతున్నాను. మీరు ఒప్పుకుని సంతకం పెట్టాలట."

పిన్ని పెన్ను మూత తీసింది. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.