దిష్టి తియ్యని రోజు

నేను స్టేజీ దిగి ఇంటికొచ్చిన ప్రతిసారీ మా రైల్వే క్వార్టర్ గుమ్మం బయటే ఆగాలి. అది మా అమ్మ పెట్టిన రూలు. గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చి, నా చుట్టూ తిప్పి, పొయ్యిలో పడేసేది. మిరపకాయలు కాలినా ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా సందంతా దగ్గుతున్నా సరే, మా అమ్మ ముక్కుకి మాత్రం ఏనాడూ ఘాటు తగల్లేదు. "హాలంతా నీ మీదే కళ్ళేసినారు. ఘాటెలగొస్తాది?" అనేది గర్వంగా.

నేనేమంత మహానటుణ్ణి కాదు. ఈ బెంగాలీ ఊళ్ళో మా తెలుగువాళ్ళ సంఘం ఏటా వేసే నాటకంలో, తెర వెనక సామాన్లు మారుస్తున్నంతసేపూ తెర ముందు నిలబడి జనం లేచిపోకుండా చూసేవాణ్ణి. పగలు రైల్వే వర్క్‌షాపు స్టోర్స్‌లో ఉద్యోగం. నాన్న పోయాక ఆయన బదులు నాకిచ్చారు. అక్కడి ఫోర్‌మేన్‌ల నడకలు, బెంగాలీ బాబులు మాట్లాడే తెలుగు, మా సందులో కుళాయి దగ్గర ఆడవాళ్ళ తగాదాలు, అన్నీ దించేసేవాణ్ణి. నేను లేని కొంగు నడుముకి దోపుకుంటుంటే ముందు వరసలో అమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. ఆ నవ్వొకటి వినపడితే చాలు, మిగతా హాలు సంగతి నేను చూసుకునేవాణ్ణి.

ఈ పనిలో ఒక కిటుకుంది. అసలు మాట అనే ముందు కాస్త ఆగాలి. జనం ఊపిరి బిగబడతారు. అప్పుడు అనాలి. నవ్వు దానంతటదే వస్తుంది. నాకిది ఎంత అలవాటైపోయిందంటే, బజార్లో ఉల్లిపాయలు అడిగేటప్పుడు కూడా ఆగేవాణ్ణి. కొట్టువాడు ముందే నవ్వేసేవాడు.

తర్వాత మలంచా పేటలో కేబుల్ టీవీ నడిపే ఒక బెంగాలీ దాదా పిలిచాడు. ఆదివారం పొద్దున తెలుగువాళ్ళ కోసం అరగంట ప్రోగ్రాం. చీరల కొట్టు పైన గది, ఒక కెమెరా, ఒక కుర్చీ, వెనకాల ప్లాస్టిక్ పూలు. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పేవాణ్ణి, ఫోన్లు తీసుకునేవాణ్ణి, మధ్యలో నవ్వించేవాణ్ణి. ఆ అరగంటా మా సందులో ఏ ఇంట్లో చూసినా నా మొహమే. అమ్మ అయితే వంట ఆపేసి మరీ చూసేది.

ఇన్ని ఇళ్ళలోకి వెళ్ళినవాణ్ణి, నా సంగతి ఒక్క ఇంట్లోనూ చెప్పలేదు. నాకు మగవాళ్ళంటేనే ప్రేమ. నేను ప్రేమించినవాడు పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళి భోజనాల దగ్గర అందర్నీ కడుపుబ్బా నవ్వించింది నేనే. వడ్డించేవాళ్ళు గరిటెలు పక్కన పెట్టి నవ్వారు. ఇంటికొస్తే అమ్మ దిష్టి తీసింది. ఆ పూట గుమ్మం బయట నిలబడి అనుకున్నాను, ఇంక నావల్ల కాదని. ఊరు నమ్మకపోయినా పర్వాలేదు. ఒక్క మనిషి, మా అమ్మ, నవ్వకుండా వింటే చాలు. నాకు కావలసింది అంతే.

ఎదురుగా చెప్పే ధైర్యం లేక కెమెరాకి చెప్పాను. ఆ ఆదివారం పుట్టినరోజులన్నీ చదివేసి, "ఇప్పుడు నా గురించి ఒక మాట" అన్నాను.

అని, ఆగాను.

ఏం చెయ్యను, పాడు అలవాటు! అంత మాట చెప్పబోతూ కూడా తెర ముందు ఆగినట్టే ఆగాను. తర్వాత చెప్పాను. నాటకం కాదు, నిజమేనని కూడా చెప్పాను. కెమెరా పట్టుకున్నవాడికి తెలుగు రాదు, అయినా నేను ఆగిన తీరుకే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఫోన్లు మోగాయి. "భలే భలే! మళ్ళీ ఒక్కసారి అను బాబూ" అన్నాడొక రిటైర్డ్ డ్రైవరు.

ఇంటికొచ్చేసరికి అమ్మ ఉప్పూ మిరపకాయలతో గుమ్మంలో ఉంది. పక్కింటావిడ భుజం మీద చెయ్యేసి ఒకటే నవ్వు. "ఓలమ్మో, మొగం ఎలగెట్టినాడో సూసినావేటే!" దిష్టి తీసింది. అన్నం తినేటప్పుడు చెప్పాను, "అమ్మా, అది నాటకం కాదే." మళ్ళీ నవ్వింది. పులుసు పోస్తూ, నా కంచంలోకే చూస్తూ నవ్వింది. అమాయకురాలు, అర్థం కాలేదనుకున్నాను.

పై రెండు వారాలూ ఆగకుండా చెప్పాను. అప్పుడు ఊళ్ళో కొందరికైనా అర్థమైంది. కింద చీరల కొట్టాయన ప్రకటన మానేశాడు. కేబుల్ దాదా మంచివాడే, టీ ఇప్పించి మరీ చెప్పాడు. "కామెడీ కరో నా దాదా. నవ్వించు చాలు, ఇవన్నీ ఎందుకు?" కామెడీ ఇంక రాదన్నాను. "ఠీక్ హై" అన్నాడు. అంతటితో నా టీవీ అయిపోయింది. ఆ ఏడు నాటకంలో తెర ముందుకి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు.

పని లేని నోరు ఊరుకోదు కదా. తాల్‌బగీచా పేటలో ఒక గదిలో మాలాంటివాళ్ళం నలుగురం కలవడం మొదలుపెట్టాం. ఒకరు తెలుగు, ఇద్దరు బెంగాలీలు, నేను. మేమూ మనుషులమేనని, మా బతుకు మమ్మల్ని బతకనివ్వమని కాగితాలు అచ్చేయించి పంచాం. వాటి మీద నా మొహం చూసి, "నాటకం ఎప్పుడు బాబూ? ముందు సీట్లు ఉంచు" అని అడిగినవాళ్ళున్నారు. ఒళ్ళు మండిపోయేది.

ఒక సాయంత్రం మార్కెట్ దగ్గర మా మాటలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడదామనుకున్నాం. మిగతా ముగ్గురూ రాలేదు. వాళ్ళని అనను, ఇళ్ళున్నవాళ్ళు. నేనొక్కణ్ణే నిలబడ్డాను. నన్ను చూడగానే జనం మూగారు, మొహాల మీద నవ్వు సిద్ధంగా పెట్టుకుని. నేను మాట్లాడాను. నవ్వొచ్చే చోటు కోసం వాళ్ళు ఓపిగ్గా ఎదురుచూశారు. అది రాలేదు. ఒక్కొక్కరే మొహాలు తిప్పుకుని కూరగాయల వైపు వెళ్ళిపోయారు. పక్కింటావిడ కూడా సంచీ పట్టుకుని నా ముందునుంచే పోయింది. నవ్వు రాని జనం ముందు నిలబడడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

ఇంటికొచ్చి, అలవాటుగా గుమ్మం బయట ఆగాను. అమ్మ వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"దిష్టి తియ్యవా?" అన్నాను.

"ఎవులు సూసినారని తియ్యాలి? అందరూ మొగాలు తిప్పీసుకున్నారంట గదా."

అమ్మ గుమ్మానికి ఆనుకుని, నా వైపు చూడకుండా అంది. "టీవీలో సెప్పిన్నాడే నాకు తెలిసిపోనాదిరా. నాను నవ్వితే ఊరంతా నవ్వుతాది, నవ్వులాటలో కొట్టుకుపోద్ది అనుకున్నాను. అంత నవ్వు నవ్వినాను గదరా నీకోసం. నువ్వు పోనిచ్చినావు కాదు."

పైకి నవ్వినా, లోపల నవ్వకుండానే వింది మా అమ్మ, మొదటి రోజే. నేను కోరుకున్నది అదే.

"లోపలికి రా" అని వెళ్ళిపోయింది. ఇప్పుడు స్టేజీ లేదు, టీవీ లేదు. వర్క్‌షాపు నుంచి వచ్చి ఒక్కోసారి ఇంకా గుమ్మం బయట ఆగుతాను. లోపల గిన్నెల చప్పుడు వినపడుతుంది. అమ్మ గుప్పెటతో వస్తుందేమోనని కాసేపు చూసి, చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్తాను.